తిన్నవాళ్లు, తిననివాళ్లు

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు బడి వరండాలో పద్నాలుగు మంది పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. ఒకడు కక్కుతుంటే పక్కవాడు కడుపు పట్టుకుని ముడుచుకుపోతున్నాడు. ఊరి నర్సు, ఏఎన్ఎం క్యాథరిన్ చెప్పులు బయట విడిచి, మోకాళ్ల మీదే ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి జరుగుతోంది. ఒక్కొక్కరి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదులుతుంది. వెంటనే సర్దుకుంటే పరవాలేదు. మెల్లగా సర్దుకుంటే ఆ పిల్లవాణ్ని గోడ వైపు పడుకోబెడుతుంది. గోడ వైపు ముగ్గురయ్యారు. వాళ్లలో బుచ్చిరాములు మనవడు ఒకడు. వాడి కళ్లు లోపలికి పోయాయి.

"అంబులెన్సు వస్తుంది, గేటు తీసి పెట్టున్రి" అని హెడ్మాస్టరు కరుణాకర్ ఎవరికో చెబుతున్నాడు. ఆయన చొక్కా మీద కూడా పిల్లలు కక్కిన మరకలున్నాయి.

క్యాథరిన్ సబ్‌సెంటర్ నుంచి తెచ్చిన నీళ్లలో ఓఆర్ఎస్ పొడి కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగిస్తోంది. గడగడా తాగితే మళ్లీ కక్కుతారు. అంతమందికి చెంచాతో పోయడానికి రెండు చేతులు చాలవు. గేటు దగ్గర తల్లులు ఏడుస్తున్నారు. వంటగది గుమ్మంలో వంట మనిషి శంకరవ్వ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు ఒక అడుగు వేసి, అందరూ తనవైపే చూస్తుండేసరికి ఆగిపోయింది.

అప్పుడే లక్సెట్టిపేట నుంచి బైకు మీద ఒక విలేకరి వచ్చాడు. వస్తూనే ఫోను క్యాథరిన్ మొహం ముందు పెట్టాడు.

"మేడం, పిల్లలకు ఏమైంది? అన్నంల ఏమన్న కలిసిందా?"

ఆమె తలెత్తలేదు. ఒడిలో ఉన్న పిల్లవాడి దవడ పట్టి చెంచా పెడుతోంది. "ఇంతమందికి ఒక్కపారి అయిందంటె ఇంకేముంటది, తిండితోనే అయ్యుంటది. జర పక్కకు జరుగున్రి, గాలి ఆడనియ్యున్రి."

అంతే. ఇంతకుమించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

పొద్దు గూకకముందే ఆ మాట ఊరంతటి ఫోన్లలోకి వచ్చింది. "తిండితోనే" అన్నంత వరకు ఉంచి, మిగతాది కోసేశారు. దాని కిందే ఇంకో ఫోటో తిరిగింది. సాంబారు బకెట్టులో తేలుతున్న బల్లి. 'మన బడి అన్నం ఇదీ' అని రాసి ఉంది. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు. నర్సమ్మ చెప్పనే చెప్పింది, ఫోటో కనబడుతూనే ఉంది.

*

మంగళవారం పదకొండు గంటలకు క్యాథరిన్ కింది వాడలో ఒక బాలింత ఇంట్లో పసిబిడ్డను తూకం వేస్తుండగా బడి వైపు నుంచి కేకలు వినిపించాయి. తక్కెడ అక్కడే వదిలి పరుగెత్తింది.

ఆమె చేరేసరికి అంతా అయిపోయింది. అన్నం గిన్నె మట్టిలో బోర్లా పడి ఉంది. గంజి పొగలు కక్కుతూ మట్టిలోకి ఇంకుతోంది. శంకరవ్వ పొయ్యి పక్కన కూలబడి ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.  ఎదురుగా బుచ్చిరాములు నిలబడ్డాడు. తల్లిదండ్రుల కమిటీకి ఆయనే పెద్ద. తన్నిన కాలికి గంజి అంటుకుని ఆయన పంచె అంచు తడిసింది.

"నా మనుమడు కరీంనగర్ల సెలైన్ మీద ఉన్నడు" అని అరుస్తున్నాడు.  "కండ్లు తెరుస్తలేడు వాడు. ఈమె మళ్ల పొయ్యి ముట్టిచ్చింది! ఎవలు ముట్టియ్యమన్నరు నిన్ను?"

"సారే వండమన్నడు" అంది శంకరవ్వ నేలను చూస్తూ.

కరుణాకర్ సారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఔననలేదు, కాదనలేదు.

క్యాథరిన్ శంకరవ్వ పాదాన్ని నీళ్ల తొట్టి దగ్గరికి లాగి చల్లటి నీళ్లు పోసింది. పది నిమిషాలు ఆపకుండా పోసింది. చర్మం తెల్లగా ఉబ్బి బొబ్బలు లేస్తున్నాయి. పాదం నుంచి మడమ దాకా మందు రాసి, గుడ్డ వదులుగా చుట్టింది. శంకరవ్వకు యాభై దాటాయి. ఆమె వేళ్ల చివర్లు పదేళ్ల పొయ్యి సెగకు నల్లబడి మొద్దుబారి ఉన్నాయి.

"పప్పు నేను సుత తిన్న బిడ్డా" అంది శంకరవ్వ మెల్లగా. "అందరికి పెట్టినంక అదే గిన్నెల మిగిలింది తిన్న. నా మనుమరాలు సుత తిన్నది. మాకేం కాలే."

"ఫికర్ చెయ్యకు. బొబ్బలు చిదమకు. రేపు సబ్‌సెంటర్‌కు రా, కట్టు మారుస్త."

శంకరవ్వ అన్న మాట క్యాథరిన్ చెవుల్లో పడింది కానీ లోపలికి పోలేదు. తప్పు చేసినవాళ్లు ఏదో ఒకటి చెప్పుకుంటారు, పాపం కావాలని చేసి ఉండదు, అజాగ్రత్త అయి ఉంటుంది అనుకుంది. అలా అనుకోవడం తనకు కొంచెం మంచితనంగా కూడా అనిపించింది.

ఆ రోజు నుంచి శంకరవ్వను వంటకు రావద్దన్నారు. శనివారం ఊరంతా కూర్చుని తీర్మానం రాసి పై అధికారులకు పంపుతామని బుచ్చిరాములు చెప్పాడు.

బుధవారం కొత్తగా ఇద్దరికి మాత్రమే విరేచనాలయ్యాయి. గురువారం ఒక్కరికీ కాలేదు. క్యాథరిన్ రిజిస్టరులో సున్నా చుట్టి కుర్చీలో వెనక్కి వాలింది. నాలుగు రోజుల తర్వాత వీపు కుర్చీకి ఆనింది. బయట అరుగు మీద ఎవరో అంటున్నారు: "చూసినవా? ఆమెను తీసేసిన్రు, రోగం బంద్ అయింది. ఇంకేం రుజువు కావాలె?"

నిజమే కదా అనుకుంది.

*

గురువారం సాయంత్రం పీహెచ్‌సీ నుంచి డాక్టర్ అలేఖ్య ఫోను చేసింది. చిన్న వయసు. మాటలు గబగబా వస్తాయి.

"క్యాథరినక్కా, మీ ఊరి రిపోర్టు రాలేదు. లిస్టు పంపు."

"పంపుత మేడం. పద్నాలుగు పేర్లు రాసిన."

"పేర్లొక్కటే కాదక్కా. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలైందో రాయి. పిల్లలే కాదు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా. ఇంకొకటి. ఆ అన్నం తిని కూడా ఏం కానివాళ్లు ఎందరు? తినకుండా కూడా జబ్బు పడ్డవాళ్లున్నారా? అది రాయకపోతే ఈ లిస్టు దేనికీ పనికిరాదు."

క్యాథరిన్ కాస్త చిన్నబుచ్చుకుంది. పదహారేళ్ల సర్వీసులో తనకు లిస్టు రాయడం ఈమె నేర్పుతోంది. "తిండితోనే మేడం. తెలిసిన ముచ్చటే గదా."

"తెలిసిందేనా, అనుకున్నదా?" అంది డాక్టరు. అవతల ఎవరో పిలిచినట్టున్నారు. "ఒకసారి అడిగి రాయక్కా" అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే క్యాథరిన్ నోటుబుక్కులో గీతలు కొట్టి గళ్లు చేసుకుంది. పేరు, వాడ, ఎప్పుడు మొదలైంది, బడిలో తిన్నారా, తాగే నీళ్లు. చివరి గడి ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఫారంలో ఉంటుంది కాబట్టి చేయి అలవాటుగా రాసింది.

ముందు బడికి పోయి హాజరు పట్టీ తీసుకుంది. సోమవారం అన్నం తిన్నది యాభై రెండు మంది. ఎగువనున్న మీది వాడ పిల్లలు ఇరవై ఐదు, కింది వాడ పిల్లలు ఇరవై ఏడు. పడుకున్న పద్నాలుగు పేర్ల మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. చివరి టిక్కు పెట్టాక పెన్సిలు ఆగిపోయింది. అన్నీ ఒకే వైపున పడ్డాయి. కింది వాడ పేర్లలో ఒక్కదానికీ టిక్కు లేదు.

మళ్లీ మొదటినుంచి చూసింది. అదే.

ఒకే గిన్నె. ఒకే గరిటె. ఇరవై ఏడు మందికి ఏమీ కాలేదు. ఆ ఇరవై ఏడు మందిలో శంకరవ్వ మనవరాలు కూడా ఉంది. ఆ సంగతి శంకరవ్వ మంగళవారమే చెప్పింది.



*

మీది వాడలో మొదటి ఇల్లు కోమలది. ఆమె గుమ్మంలో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు మీద తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి దారం కడుతూనే మాట్లాడుతుంది. చేతివైపు చూడదు.

"నీ బిడ్డ నవ్యశ్రీకి తక్కువైందా?" అని అడిగింది క్యాథరిన్.

"తక్కువైంది. బుధారం కాంగనె లేసి కూసున్నది."

"సోమవారం బడిల ఏం తిన్నది?"

"సోమారం ఏడ పోయింది బడికి? ఆదివారం పోయి వేములవాడల మొక్కు తీర్చుకుని, సోమారం మాపటికి వచ్చినం. వచ్చి నల్లా నీళ్లు తాగి పండుకున్నది. మంగళారం మొదలైంది."

క్యాథరిన్ పెన్ను నోటుబుక్కు మీద ఆనింది. బడి అన్నం తినని పిల్ల. ఇదే చాలు అనిపించింది. కానీ వెంటనే, వేములవాడలో బయట ఏదైనా తిని ఉండవచ్చు కదా అనుకుంది. నిన్నటి వరకు ఇలాంటి అనుమానం ఆమెకు రాలేదు. పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.

"గీ ఫోటో చూసినవా నర్సమ్మా? తలుచుకుంటె కడుపుల దేవుతది" అంటూ కోమల తన ఫోను అందించింది. బల్లి ఫోటో. క్యాథరిన్ దాన్ని ఇంతకుముందు పదిసార్లు చూసింది. ఇప్పుడు బల్లిని కాదు, మిగతాదాన్ని చూసింది. మెరిసే స్టీలు బకెట్టు. అందులో మునక్కాడల సాంబారు. బడిలో పెద్ద అల్యూమినియం గిన్నె తప్ప స్టీలు బకెట్టు లేదు. సోమవారం శంకరవ్వ వండింది పాలకూర పప్పు. పిల్లలు కక్కినదాంట్లో ఆకుపచ్చ రంగు చూసింది తన కళ్లే.

ఊళ్లో ఆ పప్పు తిన్న పిల్లలు యాభై రెండు మంది ఉన్నారు. 'మేం తిన్నది ఇది కాదు' అని వాళ్లెవరూ అనలేదు. వాళ్లనెవరూ అడగలేదు కూడా.

ఇంటింటికీ తిరిగింది. మధ్యాహ్నానికల్లా గొంతు ఎండిపోయింది, ఎవరింట్లోనూ నీళ్లు అడగలేదు. పెద్దవాళ్లకు కూడా కడుపులో గడబిడ అయిందని తెలిసింది. పిల్లల హడావుడిలో ఎవరూ చెప్పుకోలేదు. ఒక తల్లి, తన కొడుకు సోమవారం పొద్దున బడికి పోకముందే రెండుసార్లు బయటికి పోయాడని, పరీక్ష ఉందని తనే పంపానని చెప్పి తలకాయ దించుకుంది.

చివరి ఇల్లు బుచ్చిరాములుది. ఆయన కరీంనగర్‌లో మనవడి దగ్గర ఉన్నాడు. ఆయన తల్లి భూమవ్వ నులక మంచంలో పడుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి. క్యాథరిన్ పక్కన కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుంది. ఎముకలే చేతికి తగిలాయి.

"పెద్దవ్వా, నీకు సుత అయిందా?"

"ముందు నాకే అయింది బిడ్డా. సచ్చి బతికిన."

"ఎప్పుడు?"

"మీ చర్చి గంట కొడుతుండంగ. అప్పటికే నాలుగుసార్లు పోయిన. కొడుకు గోళీలు తెచ్చి ఏసిండు."

చర్చి గంట ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కొడతారు. ఆ ఆదివారం క్యాథరిన్ అక్కడే, ముందు వరుసలో కూర్చుని పాట పాడుతోంది. సోమవారం పప్పు అప్పటికింకా పొయ్యి ఎక్కలేదు.

*

నీళ్ల సంగతి ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కింది వాడకు ఒక పైపు, మీది వాడకు ఒక పైపు. రెండింటి వాల్వులూ తిప్పేది ఆమె భర్త ఫిలిప్. పంచాయతీలో నీళ్ల మనిషి. బడికి సొంత బోరు ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఆమె మీది వాడ పైపు వెంట నడుచుకుంటూ పోయింది. మురుగు పారే మోరీ కోసం కొత్తగా తవ్విన కందకంలో పైపు బయటపడి కనిపిస్తోంది. పోయిన వారం జేసీబీ తవ్విన గుంతలో వాన నీళ్లు, ఇళ్ల మురుగు కలిసి నల్లగా నిలిచి ఉన్నాయి. ఒకచోట పాత పైపు పగులు మీద తొడిగి కొత్త తెల్ల కాలర్ అతికించి ఉంది. సొల్యూషన్ వాసన ఇంకా పోలేదు. పక్కన బురదలో నల్లటి సైకిలు ట్యూబు ముక్కలు పడి ఉన్నాయి. చుట్లు చుట్టి, చివర రెండు ముడులు వేసి కట్టిన ట్యూబు. కొడవలి పిడికీ, ఇంట్లో బకెట్టు పిడికీ ఫిలిప్ అలాగే రెండు ముడులు వేస్తాడు.

ఆమె ట్యూబు ముక్క చేత్తో తీసింది. మురుగు కంపు కొట్టింది.

ఇంటికి వచ్చేసరికి ఫిలిప్ వాకిట్లో పానాలకు నూనె రాస్తున్నాడు. ఆమె చేతిలోది చూసి ఆయన చేయి ఆగింది.

"ఎప్పుడు కట్టినవు?"

"పోయిన శుక్రారం. జేసీబీ పన్ను తగిలి పలిగింది."

"కాలర్ ఎప్పుడు ఏసినవు?"

"మంగళారం మాపటికి."

మంగళవారం సాయంత్రం. గురువారానికి రోగం ఆగింది. క్యాథరిన్ అరుగు మీద కూర్చుంది. 

"నీళ్లు బంద్ చేసినప్పుడల్లా ఖాళీ పైపు ఆ మోరీ నీళ్లు గుంజుకుంటదని నీకు తెల్వదా?"

ఫిలిప్ నూనె గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"పిల్లలు పడుకున్నంకనన్న చెప్పాలె గదా! గామె కాలు కాలింది. ఊరంత ఆమె మీద ఉమ్మేస్తుంది. నోరెట్ల మూసుకున్నవ్?"

"నువ్వు తిండి అన్నవ్ గద" అన్నాడు ఫిలిప్. కోపంగా అనలేదు. "నా భార్యే అందరి ముంగట తిండితోనే అన్నది. ఇగ నేను నీళ్లని ఎట్ల చెప్పాలె? నాకే అనిపిచ్చింది, తిండే కావచ్చు అని. అట్ల అనుకుంటె నిద్ర పట్టింది."

ఆమె ట్యూబు ముక్కను అరుగు మీద పెట్టింది.

"రేపు చెప్తవా?" అని అడిగాడు ఫిలిప్.

"చెప్పకపోతె?"

"చెప్పకపోతె ఆమె పని పోతది. చెప్తె నా పని పోతది. పైపు మంచిగైంది. ఇగ ఎవలికేం గాదు. నీ ఇష్టం." పానాలు సంచిలో వేసుకుని లోపలికి పోయాడు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముందు కూర్చున్నారు గానీ తినలేదు.

*

శనివారం పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు ముందు జనం కూడారు. పంచాయతీ సెక్రెటరీ బల్ల వేయించుకుని తీర్మానం పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. యువకుడు. ఇస్త్రీ చొక్కా. బుచ్చిరాములు కరీంనగర్ నుంచి పొద్దున బస్సుకే వచ్చాడు. మనవడికి గండం గడిచిందట. ఐదు రోజుల గడ్డంతో ముందు కూర్చున్నాడు. శంకరవ్వ దూరంగా గోడకు ఆనుకుని, కట్టున్న కాలు చాపుకుని కూర్చుంది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఫిలిప్ అందరికంటే వెనక నిలబడ్డాడు.

"అందరికి తెలిసిందే గదా, రాస్త మరి" అన్నాడు సెక్రెటరీ.

"జర ఆగున్రి సార్" అంది క్యాథరిన్. లేచి నిలబడింది. నోటుబుక్కు గుండెకు ఆనించుకుంది. "సోమవారం నేను తిండితోనే అన్న. అది చూసి అన్న మాట కాదు. అనుకుని అన్న మాట. తప్పు అన్న."



ఆమె గొంతు పెంచకుండా ఒక్కొక్కటే చెప్పింది. ఎందరు తిన్నారు, ఎవరు పడుకున్నారు, ఏ వాడ వాళ్లు. ఫోన్లలోని ఫోటో తీసి చూడమంది. గోడ మీద కూర్చున్న పిల్లలను, "సోమవారం ఏం తిన్నర్రా?" అని అడిగింది.

"పాలకూర పప్పు!" అని ఒకేసారి అరిచారు.

"గీ ఫోటోల ఏమున్నది?"

పిల్లలు తొంగిచూశారు. "సాంబారు. గీ బకెట్ మనది కాదు మేడం."

"ఊకోరాదు" అన్నాడు బుచ్చిరాములు విసుగ్గా. "ఆమెను తీసేసినంకనే రోగం ఆగింది. దానికేమంటవ్?"

"కాకా, ఒక్కటి చెప్పు" అంది క్యాథరిన్. "పెద్దవ్వకు ఎప్పుడు మొదలైంది?"

"మా అవ్వకా? ఆదివారం..." అని ఆగిపోయాడు. గోళీలు తెచ్చి వేసింది ఆయనే. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆదివారం బడి లేదన్న సంగతి గుంపులో ఒకరి నుంచి ఒకరికి గుసగుసగా పాకింది.

"మరి దేంతోని అయినట్టు?" అని ఎవరో అడిగారు.

ఇక్కడిదాకా రావడం సులువే. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే చెప్పలేకపోతుంది. "మీది వాడ నీళ్లతోని. పైపు పలిగితే మా ఇంటాయన ట్యూబుతో కట్టిండు. మోరీ నీళ్లు లోపలికి పోయినయ్."

 అందరూ ఒకేసారి లేచారు. "అట్లనా!" "పెండ్లం నర్సు, మొగడు విషం తాపుతుండా?" "పోరగాండ్లను సంపుతుండె!" ఐదు రోజులుగా శంకరవ్వ మీదున్న మాటలన్నీ దారి తిప్పుకుని ఫిలిప్ మీదకి వచ్చాయి. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. గుండీ ఊడి నేల మీద పడింది. ఆయన చేతులెత్తలేదు. సెక్రెటరీ పెన్ను క్యాప్ తీసి, "ఇతన్నే తీసేద్దాం, రాస్త" అన్నాడు తొందరగా. ముందే రాసి పెట్టుకున్న శంకరవ్వ పేరు కొట్టేసి పైన ఫిలిప్ పేరు రాయబోయాడు.

"చొక్కా విడువున్రి."

గోడ దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. శంకరవ్వ గోడ పట్టుకుని లేస్తోంది. ఎవరూ చేయి ఇవ్వలేదు. కుంటుకుంటూ జనం మధ్యలోంచి వచ్చి ఫిలిప్ ఎదురుగా నిలబడింది. ఆమె వచ్చి కొడుతుందనుకున్నారేమో, చొక్కా పట్టుకున్నవాడు వదిలేసి పక్కకు జరిగాడు.

"పైపు పలిగినప్పుడు నీకు కాలర్ దొరకలేదా కొడుకా?"

ఫిలిప్ తల అడ్డంగా ఊపాడు.

"ఎవలికన్న చెప్పినవా?"

ఫిలిప్ చూపు సెక్రెటరీ వైపు పోయి మళ్లీ నేల మీద పడింది. క్యాథరిన్‌కు నిన్నటి మాటలు గుర్తొచ్చాయి. నిన్న సాయంత్రం ఆయన్ని ఎప్పుడు కట్టావని అడిగింది, ఎందుకు దాచావని అడిగింది. ఈ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు.

"చెప్పు. నన్ను ఎవలు ఏం అడగలే. నిన్ను నేను అడుగుతున్న. ఎవలికి చెప్పినవ్?"

ఫిలిప్ జేబులోంచి ఫోను తీశాడు. వేళ్లు జారుతుంటే రెండుసార్లు అద్దం తుడిచాడు. శంకరవ్వకు చదువు రాదు. ఫోను కరుణాకర్ సారు చేతికిచ్చింది. ఆయన పైకి చదివాడు. పోయిన వారం శుక్రవారం సాయంత్రం ఐదూ ఇరవై. పలిగిన పైపు ఫోటో. 'సార్, మోరీ నీళ్లు పోతున్నయ్, కాలర్ కావాలె, అప్పటిదాక నీళ్లు బంద్ పెట్టాల్నా?' దాని కింద జవాబు: 'బంద్ పెడితే లొల్లి అవుతుంది. ప్రస్తుతానికి కట్టు. సోమవారం చూద్దాం.'

"ఎవలి నంబరు?" అని అడిగాడు బుచ్చిరాములు.

కరుణాకర్ సారు చెప్పనక్కర్లేకపోయింది. సెక్రెటరీ పెన్ను క్యాప్ పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను... మీటింగుల ఉన్న ఆ రోజు..." అన్నాడు.

కొందరు అతని మీదకి లేవబోయారు. శంకరవ్వ ఈసారి విసుక్కుంది. "మల్ల మొదలుపెట్టిన్రా? కూసోండ్రి. ఆ మోరీల ఇంకెన్ని జాగల పైపు పలిగిందో ముందు చూడున్రి. కాలర్లు ఎప్పుడొస్తయో ఆయనతోని రాయించుకోండ్రి. ఆయన ముచ్చట పై సార్లు వచ్చినంక అడుగుదురు గాని."

ఆమె మాట విన్నారు. ఎందుకు విన్నారో వాళ్లకే తెలియనట్టు, ఒక్కొక్కరే కూర్చున్నారు. బుచ్చిరాములు మాత్రం నిలబడే ఉన్నాడు. శంకరవ్వ పాదం కట్టు వైపు చూసి, పారలు తెమ్మని కేకేస్తూ మోరీ వైపు పోయాడు. ఫిలిప్ పానాల సంచి భుజాన వేసుకుని ఆయన వెనకే పోయాడు.

*

జనం పలచబడ్డాక క్యాథరిన్ శంకరవ్వ పక్కన కూర్చుని కట్టు విప్పింది. ఇంతసేపు నిలబడేసరికి బొబ్బ చితికి గుడ్డ తడిసింది. దూదితో మెల్లగా అద్దుతుంటే శంకరవ్వ పళ్లు బిగపట్టింది.

"నన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద బిడ్డా" అంది. "ఏం వండినవే అని. ఎవలెవలు తిన్నరే అని. నేను చెప్పినా ఇనకపోతివి."

"ఇనకపోతి" అంది క్యాథరిన్. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆమె సరేనంటుంది. అంత సులువుగా అయిపోవడం ఇష్టం లేకపోయింది.

శంకరవ్వ కొంగులోని ఫోను మోగింది. ఆమె అద్దం వైపు చూసి ఎత్తలేదు. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది.

"నా కొడుకు సిద్దిరాములు. మస్కట్‌ల ఉంటడు. ఆ వీడియో ఆడి రూముల అందరు చూసిన్రట. మంగళారం సంది ఫోన్ చేసుడు, ఏం కలిపినవే అవ్వా అని అడుగుడు." ఆమె ఫోను క్యాథరిన్ వైపు చాపింది. "నా మాట నమ్ముతలేడు. నర్సమ్మే చెప్పింది గద అంటడు. నువ్వు చెప్పు. నీ మాటైతె నమ్ముతడు."

క్యాథరిన్ చేతులు తుడుచుకుని ఫోను తీసుకుని వీడియో కాల్ ఎత్తింది. తెర మీద ఒక ఇరుకు గది, రెండంతస్తుల మంచాలు, హెల్మెట్టు ఒత్తుకు జుట్టు చెదిరిన ఒక పడుచువాడి మొహం. ఆమెను చూడగానే వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నర్సమ్మా, మా అవ్వ ఏం చెయ్యలేదని నువ్వు ఒక్కపారి చెప్పు. నువ్వు చెప్తె చాలు, నేను నమ్ముత."

"నమ్మకు తమ్మీ" అంది క్యాథరిన్.

వాడు అర్థం కానట్టు చూశాడు. శంకరవ్వ కూడా తల తిప్పి చూసింది.

"నా మాట నమ్మకు. నమ్మబట్టే ఇంత దూరం వచ్చింది. నేను ఏమేం చూసిన్నో చెప్త, నువ్వే చూసుకో. ఎక్కడన్న అనుమానం వస్తె అడుగు. టైం ఉన్నదా నీకు?"

"డ్యూటీకి ఇంక గంట ఉన్నది."

క్యాథరిన్ నోటుబుక్కు ఒళ్లో తెరిచి, తెరకు కనబడేలా ఫోనును గోడకు ఆనించి పెట్టింది. మొదటి గడి మీద వేలు పెట్టింది.

"సోమవారం మీ అవ్వ వండిన పప్పు యాభై రెండు మంది తిన్నరు..."

వాడు వెంటనే అడ్డం వచ్చాడు. "యాభై రెండు అని ఎట్ల తెలిసింది?"

"మంచిగడిగినవ్" అంది క్యాథరిన్, హాజరు పట్టీ ఉన్న పేజీ తిప్పుతూ.